వణుకు సూత్రమునకు టీకా తాత్పర్యము

అవతారిక. కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య రచించెనే గాని, 2014లో ఉత్తరపారా కర్మాగారమున పుట్టుక ఆగిపోయిన అంబాసిడరు జాతికి రచింపలేదు గనుక, ఆ భారము నాపై బడినది. చిలకలూరిపేట దాటి గుంటూరు దారి పట్టి, ముల్లు 55 చేరగానే పొడసూపి, 60 వద్ద ప్రౌఢత్వము వహించి, 70 దాటిన పిదప సన్నగిల్లు ఒక వణుకు మా ముసలి బండికి సంప్రాప్తమై నెల దాటినది. గుంటూరు ఆటోనగరులో ఒక మేస్త్రి, బండిపై చేయియైనను వేయక, కిళ్లీ నొక బుగ్గకు త్రోసి పలికిన వాక్యమే ఇచ్చట మూలము.

మూలము. “న్యూట్రల్లో పడేస్తే పోయిందా, ఉందా?”

ప్రతిపదార్థము. న్యూట్రల్లో = ఏ గేరునకును చెందని ఉదాసీనస్థితియందు; పడేస్తే = పరుగుననే క్లచ్చు త్రొక్కి, స్టీరింగు మెడక్రింది గేరుకడ్డిని నడుమకు దెచ్చినయెడల; పోయిందా = వణుకు ఉపశమించినదా; ఉందా = లేక యథాతథముగ నున్నదా? ‘అండీ’ యనునది అధ్యాహార్యము. మేస్త్రి దాని నుచ్చరింపలేదు.

వ్యాఖ్య. ఇది ప్రశ్నరూపమున నున్న తర్కము. బండి పోవునపుడు ఇంజనును చక్రములును కూడి తిరుగుచుండుటచే అపరాధి యెవరో తెలియదు. న్యూట్రలు చేసినంతనే ఇంజను వేగముడిగి గొణుగుచుండును, చక్రములు మాత్రము పాత వేగముననే పోవుచుండును. అప్పుడును వణుకున్నచో ఇంజను నిర్దోషి. అన్నంభట్టు తర్కసంగ్రహమున బాలురకు బోధించిన అన్వయవ్యతిరేకములు ఇవియే. ఆ గ్రంథమును నేను చదివితిని, మేస్త్రి చదువలేదు.

పూర్వపక్షము. ఇంజను ఫౌండేషను రబ్బర్లు పోయినవని మా బావమరిది. ప్రొపెల్లరు షాఫ్టు క్రాసు అరిగినదని మరియొక షెడ్డువారు. వారి మాట విని మార్పించితిని. క్రాసు క్రొత్తదయ్యెను, వణుకు పాతదే.

పరీక్ష. ఇది మిర్చియార్డు పరిసరములలో చేయదగదు. అచ్చట తుమ్మునకును వణుకునకును భేదము గ్రహించుట దుష్కరము. యడ్లపాడు వద్ద, కొండవీటి కొండ కనుచూపున నుండగా, బండిని న్యూట్రలు చేసితిని. వణుకు నిలిచెను. నిలిచెననగా ఆగెనని కాదు, ఉండెనని. మన భాషలో ఈ క్రియ ఇట్టి మోసములు చేయును. ఇక షాఫ్టును చక్రములతోనే తిరుగును గదా యనిన, షాఫ్టు గాని వెనుక చక్రములు గాని చెడినచో సాధారణముగ కూర్చున్న సీటు అదరును. నాకదరినది చేతిలోని స్టీరింగు. కావున దోషము ముందు చక్రములది.

సిద్ధాంతము. మేస్త్రి జాకీ యెత్తి, ముందు కుడిచక్రము విప్పి, రిమ్ము లోపలివైపు స్క్రూడ్రైవరుతో గీకగా, అరచేయంత నల్లరేగడి పెళ్ల ఊడిపడెను! వానలు వెలిసిన మరునాడు పర్చూరు దగ్గర ప్రత్తిచేను చూడబోయి, బండిని గట్టువరకు తోలి, రాత్రియంతయు అచ్చటనే నిలిపితిని. తడిసిన రేగడి బంకవలె పట్టి, నిలిచిన చక్రమున క్రిందివైపునకు జారి, ఎండి రాయియైనది. 15 అంగుళముల రిమ్మున 100 గ్రాముల మట్టి ఒకచోట చేరినచో, గంటకు 60 కిలోమీటర్ల వేగమున సుమారు 5 కిలోల బరువు లాగినట్లు, సెకనుకు 8 మార్లకు మించి, చక్రము నటునిటు గుంజును. 30 వద్ద ఆ బలము నాల్గవ వంతే. 60 దాపున ఆ గుంజు చక్రమును మోయు అంగముల సహజమైన ఊపుతో లయ కలుపును. 70 దాటిన లయ తప్పును. నెలదినములు నేను ఊహించిన రోగములలో మట్టి లేదు.

తాత్పర్యము. బండి కడిగించునపుడు చక్రముల లోపలివైపును కడిగించవలెను.

విశేషము. మేస్త్రి ఆ పెళ్లను నా చేతిలో నుంచి, “ఎవరి చేలోదండీ?” అని యడిగెను. ఈసారి ‘అండీ’కి అధ్యాహారము అక్కరలేకపోయెను. మా వియ్యంకులదని చెప్పితిని. ప్రత్తి తీసివేసి వచ్చే యేడు మిర్చి వేయుదురట.