నాలుగో రింగు మాదే!

శ్రావణంలో సోమ, గురువారాలు మా ఉరుకుంద ఈరన్న స్వామి గుడి దారి చూడాలి. ఆదోని వైపు నుంచి, ఎమ్మిగనూరు వైపు నుంచి ట్రాక్టర్లు, ఆటోలు, కర్ణాటక జీపులు, కాలినడక భక్తులు. అందరికీ ముందున్న ట్రాక్టరు వేగమే వేగం. ట్రాలీలో అవ్వ ఒడిలో మనవడు, పక్కన కట్టెలమోపు. గుంత వచ్చిందంటే చాలు, ట్రాలీ అంతా ఒక్క గొంతుతో “ఈరన్నా!” అంటుంది. దారి బాగుచేసి ఆ భక్తిని తగ్గించే పాపం ఎవరూ మూటగట్టుకోవడం లేదు.

హైదరాబాదుకు ఇంత భక్తి లేదు. లారీలు నగరంలోకి రాకుండా బయటి నుంచే పంపుదామని ఔటర్ రింగ్ రోడ్డు వేసుకుంది. 2008లో గచ్చిబౌలి–శంషాబాద్ ముక్క తెరిచారు. కండ్లకోయ దగ్గర చివరి ముడి పడేసరికి 2018. మొత్తం 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు. పెద్దల భూములు కనబడినచోట రోడ్డు మర్యాదగా పక్కకు తప్పుకుందని గిట్టనివాళ్లు అన్నారు.

తీరా చూస్తే, నగరానికి దూరంగా వేసిన రోడ్డు పక్కకు నగరమే వచ్చి కూచుంది. లారీల దారిలో పొద్దున్నే ఐటీ ఉద్యోగుల కార్లు బారులు తీరుతున్నాయి. 2023లో ఈ రోడ్డును 30 ఏళ్లకు, 7,380 కోట్లకు లీజుకిచ్చారు. దీని బయట ఇంకో రింగు కూడా కావాలట. అది దాదాపు 340 కిలోమీటర్లు.

మా కర్నూలు పడమటి పల్లెల జనం ఏటా సుగ్గికి, అంటే వలస కూలికి పోయి ఇలాంటి పనుల్లోనే తట్టలు మోస్తారు. ఔటరు మీదికి మాత్రం బైకును రానివ్వరు, సర్వీసు రోడ్డే గతి. “తట్ట మోసేటప్పుడు యాడికి పోతాండావని ఎవురూ అడగల్యా సామీ. బండెక్కినాకనే అడిగిరి” అన్నాడొక మేస్త్రీ.

నేనూ ఓ లెక్క వేశాను. 158 తర్వాత 340. అంటే రింగు రింగుకూ రెట్టింపు. మూడోది 700, నాలుగోది 1,400 కిలోమీటర్లు. హైదరాబాదు నడుమ మేకు కొట్టి పటం మీద గీసి చూడండి, నాలుగోది కాస్త అటూ ఇటూగా ఉరుకుంద ఉన్న మా కౌతాళం మండలాన్నే తాకుతుంది. అప్పుడు మా మెట్టచేలల్లో “ఎయిర్‌పోర్టుకు అతి చేరువలో” అని ఫ్లెక్సీలు లేస్తాయి. ఈరన్న స్వామికి ఒక ఎగ్జిట్ నంబరు వస్తుంది.

కాబట్టి రోడ్డు కోసం ధర్నాలు అనవసరం. కాస్త ఓపిక పడితే చాలు. ఆలోపు మేమే సుగ్గికి పోయి మిగిలిన మూడు రింగులూ వేసి వస్తాం.