అరవై కౌంటు స్ట్రాబెర్రీ

పొయ్యి వెలిగించకుండా చేసే స్వీటు చాలా సులువు అని మొదట అన్నదెవరో తెలియదు గానీ, ఆ మనిషి మార్చి నెలాఖరులో నెల్లూరు నుంచి సముద్రానికి పోయే మైపాడు రోడ్డులో కాపురం మాత్రం చేసి ఉండడు. ఆ రోజుల్లో మా వైపు వేడి పుట్టించడం ఒక పనా? మధ్యాహ్నం చెప్పుల్లేకుండా డాబా ఎక్కితే చాలు, అరికాళ్లు వేగిపోతాయి. పుట్టించలేనిది చల్లదనం. దానికి డబ్బు కావాలి, కరెంటు కావాలి, కొంచెం పలుకుబడి కూడా కావాలి.

మా అమ్మాయి బెంగుళూరులో చదువుకుంటోంది. పుట్టినరోజుకి ఇంటికి వస్తూ ఫోనులోనే ఏం చేయాలో ఖాయం చేసేసింది. కేకు వద్దంట. గాజు గిన్నెలో అడుగున బిస్కట్లు, వాటి మీద గిలక్కొట్టిన క్రీము, దాని మీద స్ట్రాబెర్రీ ముక్కలు, మళ్లీ బిస్కట్లు, మళ్లీ క్రీము. అంచుదాకా వరసలు పేర్చి, పైన ఎర్రగా జెల్లీ పోసి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి ముక్కలుగా కోసుకోవచ్చంట. "పొయ్యి పనే లేదు నాన్నా, నువ్వు కూడా చెయ్యొచ్చు" అంది. ఆ 'నువ్వు కూడా'లో మా ఇంటి ఆడవాళ్లకు నా మీదున్న అభిప్రాయం మొత్తం ఉంది. పుట్టినరోజు శనివారం పడింది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

పొయ్యి లేని వంట అనగానే నేనేదో కొత్త సంగతి చెబుతున్నానని మా అమ్మ ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె చింతపండు ఈనెలు తీస్తూ తల కూడా ఎత్తలేదు. "శ్రీరామనవమికి మనం చేసేది ఏంది మరి? పానకానికి పొయ్యి పెడతామా? వడపప్పుకు పెడతామా? పచ్చి చలిమిడికి పెడతామా? రాములోరి కాలం నుంచీ ఉండే వంటను నేర్చుకోవడానికి బిడ్డను బెంగుళూరు పంపించి ఫీజులు కడతా ఉండావా?" అంది.

స్ట్రాబెర్రీ మన నేల పంట కాదు. దేశంలో పండేదాంట్లో ఎక్కువ భాగం మహారాష్ట్రలో మహాబలేశ్వర్, పంచగని కొండల మీదే పండుతుంది. 2010లో మహాబలేశ్వర్ స్ట్రాబెర్రీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన రాష్ట్రంలో లంబసింగి చలికి కొన్ని తోటలు వేశారు గానీ, ఆ కాయలు మంచు చూడ్డానికి వచ్చినవాళ్ల నోళ్లు దాటి నెల్లూరు దాకా రావడం కష్టం. చలికాలంలో మొదలై మార్చితో సన్నగిల్లే పంట అది. కాబట్టి నేను నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్నది కొసరు సరుకు. కొండ దిగి, రాష్ట్రాలు దాటి, ఎండలో బండ్లు మారి వచ్చిన కాయ. 200 గ్రాముల ప్లాస్టిక్ పెట్టె. పైవరస నిగనిగలాడుతుంటుంది, అడుగువరస సంగతి ఇంటికొచ్చి మూత తీస్తేనే తెలుస్తుంది.

మూత తీసే సమయానికి పక్కింటి మామ అరుగు మీద ఉన్నాడు. చెరువుల దగ్గర రొయ్యలు కొని కంపెనీలకు తోలడం ఆయన పని.

"ఏందల్లుడా అది?"

"స్ట్రాబెర్రీలు మామా."

"ఎంత కౌంటు?"

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. రొయ్య ధర కౌంటు మీద నడుస్తుంది. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. మామ పెట్టె చేతిలోకి తీసుకుని వేలితో ఒక్కొక్కటీ కదిపి లెక్కపెట్టాడు. "పన్నెండు. ఇరవై తక్కువ రెండొందల గ్రాములని రాసుండాడేమో చూడు. లేదా? సరే, అంటే అరవై కౌంటు. ఎంతకు కొన్నావ్?" చెప్పాను. ఆయన కాసేపు సముద్రం వైపు చూశాడు. "ఈ రేటుకు ముప్పై కౌంటు రావాల. అందులోనూ రెండు మెత్తబడుండాయి. నేనైతే సరుకు వెనక్కి తోలేసేవాణ్ణి."

వృక్షశాస్త్రం చదివినవాళ్ల లెక్క ఇంకా ఘోరం. స్ట్రాబెర్రీ పైన మనం గింజలనుకునేవే దాని అసలు కాయలు. మనం తినే ఎర్రటి కండ పువ్వు అడుగుభాగం ఉబ్బి తయారైనది. ఒక్కో పండు మీద అలాంటి కాయలు సుమారు రెండు వందలుంటాయి. ఆ లెక్కన నా సరుకు పన్నెండు వేల కౌంటు. ఈ సంగతి మామకు ఇప్పటికీ చెప్పలేదు.

ఈ పండు పుట్టుక కథ మాత్రం మనవాళ్లకు బాగా నచ్చుతుంది. ఫ్రెజియే అని ఒక ఫ్రెంచి సైనిక ఇంజనీరు ఉండేవాడు. స్పెయిన్‌వాళ్ల కోటల గుట్టు తెలుసుకుని రమ్మని 1712లో ఆయన్ని దక్షిణ అమెరికా పంపించారు. కోటలు చూస్తూ చూస్తూ చిలీ తీరంలో కోడిగుడ్డంత స్ట్రాబెర్రీలు చూశాడు. 1714లో తిరిగి వచ్చేటప్పుడు మొక్కలు ఓడెక్కించాడు. ఓడలో మనుషులకే నీళ్లు కరువు, అయినా ఐదు మొక్కలు బతికి ఒడ్డుకు చేరాయి. తీరా నాటితే పూత ఉంది, కాత లేదు. ఎందుకంటే అన్నీ ఆడ మొక్కలే. ఏళ్ల తర్వాత, ఉత్తర అమెరికా నుంచి వచ్చి పక్క మడిలో స్థిరపడిన వర్జీనియా స్ట్రాబెర్రీ పుప్పొడి తగిలాక గానీ ఆ ఇంట కాపు పడలేదు. ఈనాడు ప్రపంచమంతా తినే స్ట్రాబెర్రీ ఆ సంతానమే. అమెరికా సంబంధం వస్తేగానీ ఇల్లు నిలబడదని మనవాళ్లు ఈమధ్యే అనుకుంటున్నారు, ఫ్రాన్సులో రెండు వందల యాభై ఏళ్ల కిందటే తేలిపోయింది.

ఇంకో మాట. ఆ చిలీ తల్లిమొక్క సముద్రపు ఒడ్డున ఇసుకలో పెరిగేదే. అయితే అక్కడి సముద్రం చల్లన, మాది ఉడుకు. ఇసుకలో ఇసుకే గానీ మైపాడు దానికి పుట్టిల్లు కాలేదు.

ఇక బిస్కట్లు. ఈ స్వీటు కిటుకంతా బిస్కటు మెత్తబడటంలోనే ఉంది. క్రీములో తడిని అది రాత్రంతా మెల్లగా పీల్చుకుని కేకు ముక్క మాదిరి తయారవుతుంది. మిగతా ఊళ్ల సంగతేమో గానీ, మా ఊళ్లో మేరీ బిస్కటు మెత్తబడటానికి క్రీముతో పనిలేదు, సాయంత్రం నాలుగు గంటల సముద్రపు గాలి చాలు. పాకెట్టు చించి బల్ల మీద పెట్టి, కాఫీ తాగి వచ్చేసరికి సగం వంట అయిపోయింది. రష్యా రాకుమారి మరియా పెళ్లి ఇంగ్లండు రాకుమారుడితో జరిగిన సందర్భంగా 1874లో లండన్‌లో పుట్టిన బిస్కటు అది. ఆమె పేరే పెట్టారు. మా ఉక్కపోతకు ఆ రాకుమారి కూడా అంతసేపు కరకరలాడి ఉండేది కాదు.

జెల్లీ దగ్గర శనివారం అడ్డొచ్చింది. జిలాటిన్ పొట్లం వెనక రాసింది మా ఆవిడ పైకే చదివింది. పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీస్తారు. మా అమ్మ శనివారం నీసు ముట్టదు, ముట్టిన గిన్నె కూడా ముట్టదు. అదీగాక జిలాటిన్ జెల్లీ ముప్పై, ముప్పై ఐదు డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఒంటి వేడికి నాలుక మీద కరగడమే దాని గొప్ప. మా వంటింట్లో నాలుకదాకా పోనక్కర్లేదు, పళ్లెంలోనే కరుగుతుంది. అందుకని చైనా గడ్డి తెచ్చాం. అగర్ అనేది అదే. రామనాథపురం తీరంలో ఆడవాళ్లు సముద్రంలో మునిగి ఏరే పాచి నుంచి తీస్తారు. అది నలభై డిగ్రీలకు కాస్త కిందనే గట్టిపడుతుంది, ఒకసారి గట్టిపడితే ఎనభై దాటేదాకా కదలదు. మా ఎండాకాలం కోసమే పుట్టిన పదార్థం. ఒకటే చిక్కు, అది నీళ్లలో కరగాలంటే తెర్లే దాకా కాచాలి. అలా పొయ్యి లేని వంటకు మొట్టమొదట పొయ్యి వెలిగించాం. అమ్మ ఏమీ అనలేదు. పానకానికి ఈ తిప్పలు లేవన్నట్టు ఒక చూపు చూసి ఊరుకుంది.

క్రీము దగ్గరే అసలు కథ. గిలక్కొడితే క్రీము ఉబ్బి నిలబడాలంటే అందులో కొవ్వు కనీసం 30 శాతం ఉండాలి. కొట్లలో చిన్న డబ్బాల్లో దొరికే ఫ్రెష్ క్రీములో 25 శాతం దగ్గరే ఉంటుంది, దాన్ని తెల్లవార్లూ చిలికినా పాయసంలోకే పనికొస్తుంది. నెల్లూరులో కేకుల సామాన్లు అమ్మే కొట్లో విప్పింగ్ క్రీము దొరికింది. కొవ్వు ఒక్కటే చాలదు, చల్లదనం కావాలి. గాలి బుడగల చుట్టూ కొవ్వు రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గోడ కడితేనే అది నిలబడేది. వేడి తగిలితే ఆ కొవ్వు కరిగి గోడ కూలిపోతుంది. గిన్నె కూడా ఫ్రిజ్‌లో పెట్టి తీయాలి. బయటికి తీసిన మరుక్షణం మా గాలిలోని తడంతా దాని చుట్టూ చెమటలా పట్టింది.

శుక్రవారం సాయంత్రం క్రీము గిలక్కొట్టే మిషను తిరగడం మొదలుపెట్టగానే కరెంటు పోయింది. లైను మరమ్మతంట, ఎప్పుడొస్తుందో చెప్పలేమంట. ఫ్రిజ్ తలుపు ఎవరూ తెరవకండని మా అమ్మాయి తలుపుకి అడ్డంగా నిలబడింది.

అప్పుడు లేచింది మా అమ్మ. అటక మీది చిన్న కవ్వం తీసి కడిగి, "ఇట్టా తే" అంది. ఆమె కూర్చోవడమే వేరు. గిన్నెను రెండు పాదాల మధ్య ఇరికించి, కవ్వాన్ని అరచేతుల మధ్య తిప్పుతుంటే మొదట గలగల, తర్వాత గుబగుబ, ఆ తర్వాత చప్పుడే లేదు. కళ్లతో చూడనే లేదు, చెవితోనే వింటోంది. గిన్నె కింద ఐసు కావాలని కేకేస్తే మామ బకెట్టుతో పగలగొట్టిన ఐసు తెచ్చాడు. వస్తూ వస్తూ జేబులోంచి రాళ్లుప్పు తీసి అందులో చల్లాడు. "ఇస్కపల్లి కొఠార్లలోది. ఉప్పు పడితే ఐసుకు కోపమొస్తుంది" అన్నాడు. పుస్తకంలో ఉన్నదీ అదే. ఉప్పు కలిసిన ఐసు సున్నా కంటే బాగా కిందికి దిగుతుంది. పదినిమిషాల్లో క్రీము కవ్వానికి అంటుకుని నిలబడింది.

"చాలు నాయనమ్మా, ఆపేయ్" అని మా అమ్మాయి అరిచింది.

"చాలేంది? ఇంకో నాలుగు తిప్పులు తిప్పితే వెన్న పడతాది."

"వెన్న వద్దు!"

డెబ్బై ఏళ్లు దాటిన మనిషి జీవితంలో ఆ మాట మొదటిసారి విన్నది. కవ్వం పక్కన పెట్టి, "నురగ తినడానికి అంత డబ్బు పోశారు" అని లోపలికి పోయింది.

వరసలు పేర్చడం అయింది. కరెంటు రాలేదు. ఫ్రిజ్ లోపల అప్పటికే వీధిలో ఉన్నంత హాయిగా ఉంది. మామ గిన్నె చుట్టూ ఒకసారి తిరిగి, పక్క నుంచి అద్దంలోకి తొంగి చూసి, వరసలు సమానంగా లేవని తీర్పు చెప్పాడు. "అడుగున ఐసు, దాని మీద సరుకు, మళ్లీ ఐసు. కిలో రొయ్యకు కిలో ఐసు. నేను ఇరవై ఏళ్లుగా చేస్తుండేది ఈ పనే గదా. పెట్టె తెస్తానుండు" అన్నాడు.

లోపలి నుంచి అమ్మ గొంతు: "తెల్లారితే శనివారం! నీసు పెట్టెలో పెట్టింది నా ఇంట్లోకి రాకూడదు!"

మామ నొచ్చుకోలేదు. కొత్త థర్మాకోల్ పెట్టె తెచ్చి, అమ్మకు అన్ని వైపులా తిప్పి చూపించాడు. "రొయ్య మొహం చూడని పెట్టె అక్కా ఇది. వాసన చూసుకో." అడుగున ఐసు పోసి, కరిగిన నీళ్లు పోయేందుకు మూలన బొక్క పొడిచి, గిన్నెకు రెండు చుట్లు ప్లాస్టిక్ కాగితం బిగించి, చుట్టూ ఐసు కూరి, మూతకు టేపు వేశాడు. ఎంతో జాగ్రత్తగా పెట్టె మీద పెన్నుతో 'అరవై' అని కూడా రాశాడు. రాత్రి రొయ్యల పట్టుబడికి పోయే ముందు మళ్లీ వచ్చి బుట్టెడు ఐసు దిమ్మరించి పోయాడంట. 1842లో మద్రాసు తీరాన ఐస్‌హౌస్ కట్టి, బోస్టన్ చెరువుల ఐసును ఓడల్లో తెప్పించుకున్న దొరలకు కూడా ఇంత మర్యాద జరిగి ఉండదు.

పొద్దున తీస్తే గిన్నె రాయిలా ఉంది. చాకు దించితే బిస్కటు, క్రీము, పండు మూడూ కలిసి నిలువునా తెగాయి. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. చివర్లో, ఎక్కడో, సముద్రం ఒడ్డున తింటున్నామని గుర్తుచేసే వాసన ఒకటి ఉందని మా ఆవిడ అంటుంది. ఐసు ఫ్యాక్టరీ నుంచే వచ్చిందది. మామ మాత్రం మాకు ముక్కు ఎక్కువైందన్నాడు.

అమ్మ శనివారం ముట్టలేదు. ఆదివారం పొద్దున స్నానం చేసి వచ్చి, చిన్న గిన్నెలో వేయించుకుని తిని, మారు కూడా వేయించుకుంది. అంతా అయ్యాక చెప్పింది: "పెరుగన్నంలో దానిమ్మ గింజలేస్తాం గదా, అదే. తాలింపు ఒక్కటే తక్కువ."

మీరు చేయదలచుకుంటే సంక్రాంతి నెలలో చేయండి. కాయ తాజాగా ఉంటుంది, వంటింట్లో క్రీము నిలబడుతుంది. ఎండాకాలంలోనే కావాలంటే స్ట్రాబెర్రీ జోలికి పోకుండా బంగినపల్లి మామిడి ముక్కలతో ఇవే వరసలు పేర్చండి, ఖర్చు సగానికి సగం తగ్గుతుంది, రుచి ఇంకా పెరుగుతుంది. శనివారం మాత్రం పెట్టుకోవద్దు. రొయ్యలవాళ్లు ఎవరైనా తెలిసుంటే ముందురోజే ఫోను చేసి, కొత్త పెట్టె ఒకటి పక్కన పెట్టమని చెప్పండి.