నిమిషానికి ఎంత?

2019 నవంబరులో టొరంటో వుల్ఫ్‌ప్యాక్ రగ్బీ క్లబ్బు అభిమానికి పండగ ముందే వచ్చేసింది. న్యూజిలాండ్ వీరుడు సోనీ బిల్ విలియమ్స్‌ను క్లబ్బు పట్టుకొచ్చింది. రెండేళ్లకు సుమారు 50 లక్షల పౌండ్లట! ఆయన రెండు ప్రపంచకప్పులు గెలిచింది 15 మంది ఆడే రగ్బీ యూనియన్‌లో. ఈ క్లబ్బుదేమో 13 మంది ఆడే రగ్బీ లీగ్. వయసా, 34. దాన్ని అనుభవం అనాలి.

స్టార్ ఆటగాళ్ల కోసం పెట్టిన 'మార్క్యూ' నిబంధన పుణ్యమా అని ఆ జీతంలో చాలా భాగం, క్లబ్బు ఆడే సూపర్ లీగ్ జీతాల పరిమితి లెక్కలోకే రాదు. ఎంతైనా ఇవ్వొచ్చు. ఇవ్వగలిగితే!

అభిమాని మంచు దులుపుకుని కొత్త చొక్కా కొన్నాడు. హీరోగారు మాత్రం ఇంగ్లండులోనే. టొరంటోలో చలి కదా, తొలి మ్యాచులన్నీ అట్లాంటిక్ అవతలే. సొంత మైదానం లాంపోర్ట్‌లో వసంతం వచ్చాక చూద్దురుగాని అన్నారు.

ఫిబ్రవరిలో కాజిల్‌ఫోర్డ్ 28, మనవాళ్లు 10. సరే, తొలి ఆట. తర్వాత లీగులో ఆడినవన్నీ ఓటములే. ఛాలెంజ్ కప్‌లో హడర్స్‌ఫీల్డ్‌ను ఓడించామని మీసం మెలేసేలోపు కరోనా దిగింది. ఆటగాళ్లకు జీతాలు ఆగాయి. జులైలో క్లబ్బే సీజన్ నుంచి తప్పుకుంది. ఆగస్టుకల్లా విలియమ్స్‌గారు సిడ్నీ రూస్టర్స్‌లో తేలారు.

కరోనాను ఆయన తేలేదు, ఆ పాపం ఆయనకు కట్టొద్దు. కానీ లాంపోర్ట్‌లో ఆయన ఆడింది సున్నా నిమిషాలు. నిమిషానికి ఎంత పడిందో తేల్చుదామంటే, సున్నాతో భాగించడం అభిమానికి ఏ బళ్లోనూ నేర్పలేదాయె!