హెచ్‌ఐవీ పరీక్షలు పెంచాలంటే వినకూడని సలహాలు

"పోలీసులతో రైడ్ చేయించండి, అందరికీ ఒకేసారి పరీక్ష అయిపోతుంది." సెక్స్ వర్కర్లుండే చోట శిబిరం పెడదామనగానే ఎవరో ఒకరు ఇచ్చే సలహా ఇది. పాటించారంటే మర్నాటికి వాళ్లు బస మార్చేస్తారు. తర్వాత వెళ్లిన ఆరోగ్య కార్యకర్తకు ఆ వీధిలో ఎవరూ తలుపు తీయరు. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే రక్తదాతకు హెచ్‌ఐవీ ఉందని తేలితే, పోలీసులు పట్టుకెళ్లారు. మాపుసాలో పాత టీబీ ఆసుపత్రిలో రెండు నెలలకు పైగా ఒంటరిగా బంధించారు. అప్పటి గోవా చట్టం అందుకు ఒప్పుకుంది కూడా. అలాంటి కబురు చెవిన పడ్డ మనిషి తనంతట తాను వేలు చాచి సూదిపోటు వేయించుకుంటాడా?

"షుగర్ పరీక్ష అని చెప్పి రక్తం తీసేయండి." దయచేసి ఈ పని మాత్రం చేయకండి. ఇది మోసం, నేరుగా చట్టవిరుద్ధం. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మనిషి సమ్మతి కావాలి, పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉండాలి. ఫలితాన్ని అనుమతి లేకుండా బయటపెట్టడాన్నీ అదే చట్టం నిషేధించింది. కాబట్టి "ముందు ఇంట్లోవాళ్లకు చెప్పండి" అన్న సలహా కూడా పనికిరాదు. ఇంటికి కబురు వెళ్తుందన్న భయంతోనే ఎంతోమంది ఐసీటీసీ (ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రం) గడప తొక్కడం లేదు.

"శిబిరం పొద్దున పదింటికి మొదలెట్టి అయిదింటికి మూసేయండి." ఎవరి కోసం? చెన్నై–కోల్‌కతా రహదారి మీద లారీ డ్రైవరు ధాబా దగ్గర ఆగేది చీకటి పడ్డాక. రాత్రంతా మేలుకున్న సెక్స్ వర్కర్లు పొద్దున నిద్రపోతారు. వాళ్ల వేళకు మనం వెళ్లాలి.

"వాళ్లకేం తెలుసు, చదువుకున్నవాళ్లనే పంపండి." నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇదే. కలకత్తా సోనాగాచీలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా ఆ వీధి ఆడవాళ్లనే పీర్ ఎడ్యుకేటర్లుగా తీసుకుని పని మొదలుపెట్టారు. 1995కల్లా వాళ్లే దర్బార్ అనే సొంత సంఘం కట్టుకున్నారు. హిజ్రాల విషయంలోనూ అంతే: తోటి హిజ్రా వచ్చి "పదక్కా, నేనూ చేయించుకున్నాను" అంటే కలిగే ధైర్యం కరపత్రంతో రాదు. ఆమె శ్రమకు తగిన జీతం కూడా ఇవ్వాలి. సేవ పేరుతో ఊరికే తిప్పుకోకూడదు.

"కిట్ మీద గీత కనబడితే పాజిటివ్ అని అక్కడే చెప్పేయండి." వేలిపోటుతో చేసేది తొలి వడపోత మాత్రమే. రియాక్టివ్ (సోకి ఉండొచ్చన్న సూచన) వస్తే ఐసీటీసీలో వేరే కిట్లతో నిర్ధారించాలి. చీటీ చేతిలో పెట్టి పంపేయకుండా, ఒప్పుకుంటే తోడు వెళ్లండి. నిర్ధారణయితే హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం దాకా కూడా. 2004 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో మందులు ఉచితం. 2017 నుంచి సీడీ4 (రోగనిరోధక కణాల) సంఖ్య ఎంతున్నా వెంటనే మొదలుపెడుతున్నారు. క్రమం తప్పకుండా వాడి రక్తంలో వైరస్ కనబడని స్థాయికి తగ్గి, అలాగే నిలిస్తే లైంగికంగా ఇంకొకరికి సోకదు. ఈ ఒక్క సంగతి పరీక్షకు ముందే చెప్పండి.

"నెగెటివ్ వచ్చినవాళ్లను పంపేయండి." ఈమధ్యే సోకి ఉంటే పరీక్షకు ఇంకా అందకపోవచ్చు. ఏ రోజుల్లో సోకే ప్రమాదం ఎదురైందో నెమ్మదిగా అడగండి. మూడు నెలలకు మళ్లీ రమ్మనండి. అప్పటిదాకా వాడుకోవడానికి కండోములు ఇచ్చి, 1097 హెల్ప్‌లైన్ నంబరు చెప్పి పంపండి.