ఒక మేనల్లుని వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము. “మామయ్యా, నేను తవ్వేది డబ్బుకోసం కాదు, చరిత్రకోసం.”

అవతారిక. ఇంగ్లండుదేశమున సఫోక్ మండలమందు ఉద్యోగరీత్యా నివసించుచున్న మా మేనల్లుడు, వారమున అయిదుదినములు కంప్యూటరు ముందును, తక్కిన రెండుదినములు అన్యుల పొలములయందును గడపుచు, చేత మెటల్ డిటెక్టరును, చెవులకు హెడ్‌ఫోనులను, నడుమునకు సంచిని, భుజమున చిన్నపారను ధరించి, ప్రాచీనుల నాణెములకును, ఆధునికులు పోగొట్టుకొనిన ఉంగరములకును భూమిని శోధించుచున్నాడు. పొలముల యజమానుల అనుమతి తీసికొనియే తిరుగుచున్నాడు గనుక ఇందు దోషమేమియు లేదు. సెలవునాడు ఇంట కూర్చుండి ఇల్లాలిని వేధించుటకంటె బయలున తిరిగి మట్టిని వేధించుట మేలనియే నా అభిప్రాయము. దోషమెల్ల పై వాక్యమునందున్నది. నాతో ఫోనులో మాటలాడిన ప్రతిసారియు, దొరకిన వస్తువును వర్ణించుటకు ముందొకమాఱును, వర్ణించిన పిమ్మట నొకమాఱును, దాని వెల యెంతయని నేనడుగకయే మఱియొకమాఱును అతడు దీనిని పఠించుచుండుటచేత ఈ వాక్యమునకు సూత్రత్వము సిద్ధించినది. సూత్రము పుట్టినపిమ్మట వ్యాఖ్య పుట్టక తప్పదు గదా.

మెదకుసీమ కొలిచారమువాడని ప్రసిద్ధిగల మల్లినాథసూరి, మూలములో లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతిజ్ఞ చేసి కాళిదాసకావ్యములను వ్యాఖ్యానించెను. ఆయన యెదుట నున్నవాడు కాళిదాసు; నా యెదుట నున్నవాడు మేనల్లుడు. కావున ఆ ప్రతిజ్ఞయందలి మొదటి సగము నాకు శక్యము కాదు; రెండవ సగము నాకిష్టము లేదు.

టీక. మామయ్యా = ఓ మామా; వినువానికి పెద్దఱికమిచ్చి ప్రశ్నింపనీయకుండుట ఈ సంబుద్ధికి ప్రయోజనము. నేను = వక్త. డబ్బుకోసం కాదు = స్పష్టము. పూర్వవ్యాఖ్యాతలు క్లిష్టస్థలములందే ఈ ‘స్పష్టము’ అను మాటను వాడి తప్పుకొందురని కొంద ఱాక్షేపింతురు. ఆ ఆక్షేపణ ఇచ్చటను వర్తించును. తవ్వేది = త్రవ్వునది. ఇచ్చట కొంత నిలువవలయును.

త్రవ్వుటకు ముందు వినుట కలదు. యంత్రము కడపట నుండు చక్రాకారభాగమున రాగితీగ చుట్టలుండును. ఒక చుట్టయందు విద్యుత్తు క్షణక్షణము దిశ మార్చుకొనుచు ప్రవహింపగా, దానినుండి పుట్టిన అయస్కాంతక్షేత్రము నేలలోనికి దిగి, అచ్చట లోహమేదైన నున్నచో దానియందు విద్యుత్సుళ్ళను రేపును. ఆ సుళ్ళు తమవంతుగా మఱియొక క్షేత్రమును పైకి పంపగా, రెండవ చుట్ట దానిని పసికట్టి చెవిలో కూయును. ఇది శాస్త్రము, ఇందు పరిహసింపదగినదేమియు లేదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు తుపాకిదెబ్బ తిని పడియుండగా, టెలిఫోనుచేత ప్రఖ్యాతుడైన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇట్టి సాధనమునే తెచ్చి దేహములోని గుండును వెదకెను. గుండు కుడివైపుననే యున్నదని ముందే నిశ్చయించుకొనిన ప్రధానవైద్యుడు కుడివైపునే వెదకనిచ్చెను. గుండు ఎడమవైపున నుండెను. అధ్యక్షుడు మరణించెను. పట్టినవాడు ఎచ్చట వెదకదలచునో యంత్రము అచ్చటనే వెదకునను న్యాయమునకు ఇంతకంటె పాత ఉదాహరణము నాకు తెలియదు.

ఈ యంత్రమునకు వేదాంతసమ్మతమైన గుణమొకటి కలదు. సోడాడబ్బా మూతిని ఊడబెఱుకు అల్యూమినియపు రేకునకును, సన్నని బంగారుటుంగరమునకును ఇది యించుమించుగా నొకే స్వరము పలుకును. మట్టిబెడ్డను, రాతిని, బంగారమును సమముగా జూచువాడు యోగియని గీతలో చెప్పబడిన లక్షణమునకు ఇంత చేరువగా వచ్చిన వస్తువును నేను చూచి యెఱుగను. యంత్రము యోగియైనను దానిని మోయువాడు కాలేదు. మోకాళ్ళపై కూలబడి అరగంట త్రవ్వినపిమ్మట రేకు బయటపడినప్పుడు అతని ముఖమును వీడియోలో చూచినవారికి, నేను ‘స్పష్టము’ అని విడిచిన భాగమునకు టీక లభించును.

ఇంకొక మీట కలదు. దానిని త్రిప్పినచో ఇనుము పలుకుట మానును. ఇనుపమేకులకై యెవడు వంగునని యంత్రధారుల వాదము. ఈ మీటను తలంచినప్పుడెల్ల నాకు 1939వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చును. మా మేనల్లుడు తిరుగుచున్న ఆ సఫోక్ మండలముననే, సట్టన్ హూ అను చోట, బేసిల్ బ్రౌన్ అను స్వయంశిక్షితుడైన శోధకుడు ఒక దిబ్బను త్రవ్వుచుండగా తుప్పుపట్టిన మేకులు వరుసగా కానవచ్చెను. ఆయన వానిని పెఱుకలేదు. ఉన్నచోటనే యుంచి, వరుస వెంట మన్ను తొలగించుచు పోయెను. కొయ్య యావత్తు ఆ నేలలో జీర్ణించి పోయినను, మేకులు తమతమ స్థానములను విడువకుండుటచేత, సుమారు 27 మీటర్ల పొడవుగల నావ ఆకారము ఇసుకయందు ప్రత్యక్షమయ్యెను. ఆ నావలో ఒక్క పలక లేదు. ఉన్నదెల్ల మేకుల అన్వయము. శ్లోకములోని పదములను విడివిడిగా పెఱికి మూటగట్టుకొనినవానికి శ్లోకమెట్లు దక్కదో, ఆ మేకులను సంచిలో వేసికొనినవానికి నావ అట్లు దక్కెడిది కాదు.

అన్వయము. పోయిన ఆభరణములు దొరకుట యను విషయమున మన వాఙ్మయమునందు పరమప్రమాణము అభిజ్ఞానశాకుంతలము. నాలుగవ అంకమునకు కన్నీరు విడుచు పండితులు ఆఱవ అంకపు మొదటనున్న జాలరిని పలుకరింపకయే దాటిపోవుదురు. నాకు మాత్రము నాటకమంతటిలో ఆ చిన్న ప్రవేశకమును ఎన్నిమార్లు చదివినను తనివి తీఱదు. శచీతీర్థమున మ్రొక్కుచుండగా శకుంతల వ్రేలినుండి జాఱిన ఉంగరమును రోహితమత్స్యము మ్రింగినది. శక్రావతారవాసియైన ధీవరుడు ఆ చేపను తుండెములుగా కోయగా రత్నకాంతులతో నది బయటపడినది. అమ్మజూపుచుండగా భటులు పట్టుకొనిరి. సూచకుడు, జానుకుడు అను నా భటులకు అధికారి స్వయముగా రాజుగారి బావమఱది. జాలరి వృత్తిని వారు వెక్కిరింతురు. పుట్టువుతో వచ్చిన వృత్తి నిందితమైనను విడువరాదని జాలరి దెబ్బలనడుమ ధర్మశాస్త్రము చెప్పును. వానిని శూలమునకు పంపుటకై భటుల చేతులు దురదపెట్టుచుండును. అంతలో రాజు ఉంగరమును గుర్తించి, దాని వెలకు సమానమైన ధనమును పంపగా, జాలరి అందు సగము భటులకే ఇచ్చును. అధికారి ఆ క్షణమే వానికి ప్రాణమిత్రుడై, మైత్రికి సాక్షిగా మద్యముండవలెనని అందఱను కల్లుదుకాణమునకు కొనిపోవును. పోలీసుశాఖనుగూర్చి మన సాహిత్యమున ఇంతకంటె క్లుప్తమైన నివేదిక లేదు.

కాళిదాసనాటకములకు ‘కుమారగిరిరాజీయము’ అను వ్యాఖ్యను మన రెడ్డిరాజుల కాలమున కాటయవేమారెడ్డి వ్రాసెను. ఆయన కొండవీటిప్రభువైన కుమారగిరిరెడ్డి సోదరిని పెండ్లాడినవాడు, మంత్రి, పిదప రాజమహేంద్రవరరాజ్యమును ఆ బావమఱది యిచ్చగా పాలించినవాడు. రాజుగారి బావమఱది అధికారియై ప్రవేశించి, నిరపరాధిని కట్టి తెచ్చి, వానికి దొరకిన బహుమానముతో త్రాగబోవు ఘట్టమునకు రాజుగారి బావ వ్యాఖ్య వ్రాయవలసివచ్చెను! అచ్చట ఆయన చిఱునవ్వు నవ్వెనో, ఘంటమును త్వరపెట్టెనో తెలిసికొనవలెనను కుతూహలము నన్ను చిరకాలముగా పీడించుచున్నది. బంధువులకు పదవులిచ్చుటయందలి గుణదోషములను పదవి పొందిన బంధువే విప్పిచెప్పవలసిన సన్నివేశము మన భాషలలో మఱియొకటి నాకు తోపదు.

మేనల్లుడు వేచియున్నాడు. నేను జాలరిని తెచ్చినది ఒక్కమాటకొఱకు. భటులు నిలదీయగా వాడు తనకు చరిత్రయం దాసక్తి కలదని చెప్పలేదు. ఏ తీర్థముననుండి, ఏ చేప కడుపుననుండి ఉంగరము వచ్చినదో ఆ ఆగమవృత్తాంతమును చెప్పి, ఇక చంపినను విడిచినను మీ చిత్తమనెను. వాడు ఆ మాట మఱచియుండినచో, లేక కోసిన చేపను కప్పిపుచ్చి ఇంట పెట్టెలో దొరకినదని బొంకియుండినచో, ఉంగరమునకు వెల మిగిలియుండునేగాని, అది నీటిపాలైన వైనము ఎవరికిని తెలియకపోయెడిది.

విశేషములు. నిధి దొరకినవానికి ఆఱవవంతును, కూలివాడైనచో పండ్రెండవవంతును, లక్షకు మించినది రాజునకును చెందునని కౌటిల్యుడు. విద్వాంసుడైన బ్రాహ్మణునకు దొరకినచో అంతయు అతనిదే యని మనువు. గ్రంథకర్త తన సంతకమును ఇంతకంటె స్పష్టముగా చేయనక్కఱలేదు. పది రూపాయలకు మించిన నిధి దొరకినచో కలెక్టరునకు తెలుపవలయునని మనదేశమున 1878 నాటి చట్టము. ఇంగ్లండున 1996 నాటి చట్టముచొప్పున పదునాలుగు దినములలో కరోనరునకు తెలుపవలయును; అనగా అనుమానాస్పదముగా మరణించినవారిని విచారించు అధికారియే, అనుమానాస్పదముగా బ్రతికివచ్చిన బంగారమునుగూడ విచారించును.

ఇక ‘చరిత్రకోసం’. కరీంనగరుసీమలో గోదావరి యొడ్డున కోటిలింగాలలో శాతవాహనవంశకర్తయైన చిముకుని నాణెములు దొరకినవి. అవి బంగారువి కావు, చూపునకు ఆననివి. కాని కోటిలింగాలలో దొరకినవగుటచేతనే శాతవాహనుల తొలినాళ్ళను తెలంగాణనేలతో ముడిపెట్టి వాదింపదలచినవారు వాదింపగలిగిరి. ఆ నాణెమే ఊరు పేరు లేక ఒక నగరపు అంగడిబల్లమీద దొరకియుండినచో, చెప్పగలిగినది తన బరువును మాత్రమే. ఇది తెలిసి మా మేనల్లుని ఒకమాఱు అడిగితిని: నీకు దొరకిన వెండినాణెము ఎంతలోతున, ఏ పొరయందు, దేని సరసన నుండెనని. పార ఎంతలోతు పోవునో అంతలోతని చెప్పెను. ఎచ్చట వ్రాసిపెట్టితివని అడిగితిని. ఫోటో తీసితిననెను. ఫోటోలో నాణెమున్నది, అరచేయి యున్నది, అరచేతి వెనుక మేనల్లుడున్నాడు, పొలము లేదు. ఇటువంటివారికొఱకే 1997 నుండి ఆ దేశమున పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ అను నొక ఏర్పాటు కలదు. దొరకిన వస్తువును, దొరకిన చోటును అందలి అధికారికి చూపి నమోదు చేయించుకొనవచ్చును. తీఱిక లేదనెను. త్రవ్వుటకు తీఱిక కలదు, వ్రాయించుటకు లేదు; ఇట్టిది చరిత్రాసక్తియైనచో, కరపత్రము చింపి పకోడీలు కట్టుకొనిపోవువాడును పాఠకుడే.

అదే మండలమున హాక్సన్ గ్రామమందు 1992లో ఒక రైతు పొలమున సుత్తి పోగొట్టుకొనెను. మిత్రుడొకడు యంత్రముతో వచ్చి, సుత్తికై వెదకుచు, 14,865 రోమకనాణెములను, వానితోడి నగలను, వెండిసామగ్రిని కనుగొనెను. మొదటి కొన్ని వస్తువులు పైకి రాగానే త్రవ్వుట మాని కబురంపుటచేత, శాస్త్రజ్ఞులు వచ్చి, కొయ్యపెట్టె జీర్ణించినను అందు ఏది యెట్లు సర్దబడియుండెనో గ్రహింపగలిగిరి. సుత్తియు దొరకెను; బ్రిటిష్ మ్యూజియము దానినిగూడ స్వీకరించెను. ఆ పుణ్యాత్ముడు వచ్చినది డబ్బుకొఱకును గాదు, చరిత్రకొఱకును గాదు, సుత్తికొఱకు. 2015లో హియర్ఫర్డ్ మండలమున లెమ్‌స్టర్ దగ్గఱ మఱి యిద్దఱు వైకింగులనాటి నిధిని పట్టి, ఎవరికిని తెలుపక పంచి అమ్ముకొనిరి. సుమారు 300 నాణెములుండెనని అంచనా. విచారణనాటికి చేజిక్కినవి 31. వానిలో కొన్నిటిని, ఇద్దఱు చక్రవర్తులు ప్రక్కప్రక్కన కూర్చున్న ఒకే ముద్రతో, వెసెక్సురాజు ఆల్ఫ్రెడును, మెర్షియారాజు కియోల్‌వుల్ఫును వేయించిరి. ఈ రెండవరాజును పిదప వెసెక్సు చరిత్రకారులు బుద్ధిహీనుడని తేల్చి పాఱవేసిరి; ఇద్దఱును మిత్రులై యుండిరని నాణెములు సాక్ష్యమిచ్చుచున్నవి. తక్కిన సాక్షులు ఎవరి పెట్టెలలో నోరుమూసికొనియున్నారో. నిధిని అమ్ముకొనిన ఆ యిద్దఱును కారాగారమునకు పోయిరి; చరిత్ర వెనుకకు రాలేదు.

మన కర్నూలుసీమలో తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలములలో వజ్రములకై తలవంచి నడచు జనులున్నారు. దేనికొఱకని అడిగినచో డబ్బుకొఱకేయని చెప్పుదురు. వారికి టీక అక్కఱలేదు.

తాత్పర్యము. వక్త త్రవ్వుచున్నాడు.

పాఠాంతరము. నిన్నటి ఫోనులో సూత్రమునకు నూతనపాఠము లభించినది: “మామయ్యా, మన ఊరి పాత శివాలయం దగ్గర నంది ఇంకా ఉందా? సంక్రాంతికి వచ్చేటప్పుడు మెషీన్ తెస్తాను.” ఇందు ‘చరిత్రకోసం’ అను పదము లోపించుట పరిశీలింపదగినది. పూర్వము నిధులకై అంజనము వేయించెడివారు. ఇప్పుడు బ్యాటరీలు వేయుచున్నారు. ఆ భేదము తప్ప, మన రెండురాష్ట్రములలోను శిథిలాలయములవద్ద రాత్రివేళ జరుగుచున్నది పూర్వపుదే: ధ్వజస్తంభము మొదలు త్రవ్వుట, పానవట్టమును పెల్లగించుట, నంది పొట్టలో వజ్రములున్నవని నందిని పగులగొట్టుట. శిల్పము పోవును, శాసనమున్న రాయి విఱుగును, గోతిలో పెంకులు మిగులును.

అతనికి నేను వ్రాసిన సమాధానము: నంది యున్నాడు, కాని ప్రక్కకు ఒరిగియున్నాడు. ఎవరో రాత్రిపూట వచ్చి, నీవు వర్ణించిన యంత్రమువంటిదే తెచ్చి, క్రింద నిలువులోతు త్రవ్విరట. ఏమి దొరకినదో తెలియదు. లేవనెత్తుటకు క్రేను కావలయునని ఊరివారు చందాలు వసూలు చేయుచున్నారు. యంత్రమును అచ్చటనే యుంచి, నీ వంతు చందాను ముందుగా పంపుము; రసీదు నేను పంపెదను.