చల్లేవాళ్ళే అందరూ, పీల్చేవాడేడీ?

కారుకు వేడినీళ్ళ స్నానం కావాలట! దానికో యంత్రం. పేరు హీటెడ్ కార్పెట్ ఎక్స్‌ట్రాక్టర్. సీటు మీద వేడినీళ్ళు చిమ్ముతుంది, మురికితో సహా వెనక్కి లాక్కుంటుంది. హైదరాబాద్ విద్యానగర్‌లో కారు కడిగేవాడు కూడా ఇప్పుడు ‘డిటెయిలింగ్’ అని బోర్డు పెట్టుకుని, ఏ మిషన్ కొనాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నాడు.

కొట్టుకోనీండి. పక్కనే ఉస్మానియా క్యాంపస్. 2021 జనవరిలో నగరంలో ఇంటింటికీ నెలకు 20 వేల లీటర్ల నీళ్ళు ఉచితమన్నారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 ఏప్రిల్ నెలాఖరుకు ఉస్మానియా హాస్టళ్ళకు వేసవి సెలవుల నోటీసు వచ్చింది. అందులో రాసిన కారణం? నీళ్ళ కొరత, కరెంటు కొరత! ఇంకేం, పార్టీలకు పండగ. అసలు కాగితం ఇదంటే ఇది, నకిలీది అదంటే అది. కేసులు పెట్టారు, అరెస్టు కూడా చేశారు. కాగితం పట్టుకుని గుంజుకున్నంత గట్టిగా హాస్టల్ నల్లాను ఒక్కడన్నా తిప్పి చూశాడా?

సరే, పిల్లలు ఎలాగో పోసుకుంటారు. కారు మాట చూద్దాం.

దుకాణంవాడు మొదట ఊదరగొట్టేది హీటర్ గురించే. “ఫుల్ హీట్ సార్! మరక మాయం!” ఎంత వేడి? ట్యాంకులోనా, గన్ను మూతి దగ్గరా? అడిగి చూడండి, నీళ్ళు నములుతాడు. కొన్ని మిషన్లలో హీటర్ చేసే ఘనకార్యమల్లా మీరు ఇంట్లో కాచి పోసిన నీళ్ళు తొందరగా చల్లారకుండా చూడటం. పైపులో పారుతున్న నీళ్ళను అక్కడికక్కడే కాచేది వేరు, దాని ధర వేరు. అట్టపెట్టె మీద మాత్రం రెంటికీ ఒకటే మంట బొమ్మ. నిజానికి చాలామంది వాడే కర్చర్ పుజ్జీ 10/1లో హీటరే లేదు. పది లీటర్ల ట్యాంకులో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని పని కానిస్తారు.

వేడి పనిచేయదని కాదు. జిడ్డు మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ పాలు ఒలికినచోట, రక్తం అంటినచోట వేడినీళ్ళు కొట్టారా, మరక ఉడికి అక్కడే కాపురం పెడుతుంది. పైకప్పు గుడ్డకు కొట్టారా, జిగురు వదిలి నెత్తి మీదికి జారుతుంది. లెదర్ సీట్ల జోలికి అసలు పోకూడదు. ఇక కరెంటు. రెండు వేల వాట్ల హీటరొక్కటే 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మోటారు లెక్క దానికి అదనం. దీన్ని 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గులో గుచ్చే మహానుభావులున్నారు. అమెరికా నుంచి బావగారు మోసుకొచ్చిన 120 వోల్టుల మిషన్ని తిన్నగా మన గోడకు తగిలించే ఘనులూ ఉన్నారు. మిగిలేది పొగ.

అసలు అడగాల్సిన ప్రశ్న ఎవడూ అడగడు. ఎంత పీలుస్తుంది? దీన్ని వాటర్ లిఫ్ట్ అంటారు. కొనేముందు చూడాల్సిన అంకె అది. చల్లడానికి యంత్రమెందుకు, హోలీ పిచికారీ చాలు. పోసిందాన్ని వెనక్కి లాగలేకపోతే కార్పెట్ కింది ఫోమ్ తాగేస్తుంది. పైన ఆరినట్టే ఉంటుంది. నాలుగు రోజులు పోనివ్వండి, కారు తలుపు తీస్తే పులిసిన పెరుగు కంపు. సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లుంటాయి, వాటికీ తడే. అందుకే కారుకు నూరు పీఎస్ఐ దాటిన ప్రెషర్ అక్కర్లేదు. ఒకసారి చల్లితే రెండు మూడుసార్లు పీల్చాలి.

మన సర్కార్లు కొన్నది సరిగ్గా ఈ పీల్చుడు లేని మోడలే! చల్లడంలో వీళ్ళను మించినవాళ్ళున్నారా? 2020 అక్టోబరు వానకు తార్నాక దాటగానే వచ్చే హబ్సిగూడ మునిగింది. ఊరంతా కార్లు పడవలయ్యాయి. చెరువున్న చోట ఇల్లు కట్టనిచ్చిందెవరు? నాలా మింగిందెవరు? అది పీల్చే పని, ఎవరికి కావాలి? ఇంటికి పది వేలు చల్లారు. అందిందెవరికో, మధ్యలో ఇంకిందెక్కడో! డిసెంబరు 1న బల్దియా పోలింగు. అంతలో ఎన్నికల సంఘం ఆ పంపిణీ ఆపించింది. మూసీ మురికి లాగడానికి 2017లోనే కార్పొరేషన్ పెట్టారు. ప్రభుత్వం మారింది. మళ్ళీ ప్రక్షాళనే, మళ్ళీ బొమ్మలే. ఏట్లో పోసినా ఎంచి పోయమన్నారు పెద్దలు. వీళ్ళు ఏటి పేరు చెప్పి ఎంచకుండా పోస్తారు.

కార్ల దగ్గర మాత్రం లోటు రానివ్వరు. కరోనా రెండో అల ఇంకా పూర్తిగా తగ్గని 2021 జూన్‌లో అదనపు కలెక్టర్లకు 32 కియా కార్నివాల్ కార్లు పంచారు. 2023 డిసెంబరులో కొత్త ముఖ్యమంత్రి వచ్చి, పాతాయన 22 ల్యాండ్ క్రూయిజర్లు కొని విజయవాడలో దాచారని ఆరోపించారు. పంచిన కార్లో, దాచిన కార్లో, సీట్లు మాత్రం తళతళలాడాల్సిందే. అద్దాలకు నల్ల ఫిల్మ్ వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. ఏ నాయకుడి అద్దంలోంచైనా లోపలి మనిషి మొహం మీకు కనిపించిందా? బయటివాడికి చూపించని సీటుకు అంత మెరుగెందుకో!

మనమేమన్నా తక్కువ తిన్నామా? మిషన్ లాగిన మురికి నీళ్ళు ఏమవుతున్నాయో చూడండి. ట్యాంకు మూత తీస్తే చిక్కటి చాయ్ రంగు, పైన షాంపూ నురుగు, అడుగున ఇసుక. తిన్నగా రోడ్డు పక్క వాన కాలవలో కుమ్మరింత. అక్కణ్ణుంచి నాలా, నాలాలోంచి మూసీ. ఆ కారాయనే సాయంత్రం వంతెన మీద ముక్కు మూసుకుని “ఛీ, ఈ ఊరు బాగుపడదు” అంటాడు. ఎవరి కంపు నాయనా అది?

ఇంకో రకం తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళు. వరదలో మునిగిన కారు కొంటారు, సీట్లు విప్పి ఇదే మిషన్ పెడతారు, సెంటు కొట్టి ‘సింగిల్ ఓనర్, డాక్టర్ గారి బండి’ అంటారు. ఈసారి సెకండ్ హ్యాండ్ కారు చూసినప్పుడు వాసనకు మురవకండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపల చుట్టుకునే భాగం కడగడం చాలామంది మరిచిపోతారు. అక్కడ ఒండ్రు గీత కనిపిస్తే బేరం ఆపి, ఈ డాక్టర్ గారు ఏ కాలనీలో ఈదారో అడగండి.