వెనక పేజీ నుంచి చదివే సారు

డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన మొదలైందంటే, నల్లగొండ నుంచి పొద్దున్నే బయల్దేరే ఆర్టీసీ బస్సులో ఒక ఖాళీ గుడ్డసంచి ఎక్కుతుంది. దాని వెంట సారు ఎక్కుతారు.

ఇంగ్లిష్ చరిత్ర పుస్తకాలు పెట్టిన స్టాలు ముందు ఆయన నిలబడే తీరే వేరు. అట్ట చూడరు. రాసింది ఎవరో చూడరు. పుస్తకాన్ని వెనక్కి తిప్పి నేరుగా ఇండెక్స్ తీస్తారు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, చూపుడు వేలు జార్చుకుంటూ ఎల్, ఎం, ఎన్ దాకా వస్తారు. నల్లగొండ! పక్కన ఎన్ని పేజీల నెంబర్లున్నాయో లెక్కపెడతారు. పది దాటితే పుస్తకం మంచిది. మూడు నాలుగే ఉంటే రచయిత ఇంకా కొంత చదువుకోవాలి. అసలు లేకపోతే ఆ పుస్తకాన్ని వరసలో కాస్త లోపలికి, ఇంకొకరి కంట పడనంత లోపలికి తోసేసి, "గిది కూడా చరిత్రేనా?" అని స్టాలు కుర్రాడిని అడుగుతారు. వాడు ధర అడుగుతున్నారనుకుని ధర చెబుతాడు. అప్పుడు సారు నిజంగానే కంగారు పడతారు.

సారంటే ఒక్కరనుకునేరు. సూర్యాపేటలో ఒకరు, మిర్యాలగూడలో ఇద్దరు, వనపర్తిలో ఒకరు, గద్వాలలో ఒకరు ఉంటారు. ఎక్కువమంది జూనియర్ కాలేజీలో చరిత్రో పౌరశాస్త్రమో చెప్పి రిటైరైనవాళ్లు. కొందరు ఎల్ఐసీలో పనిచేస్తూ ఈ రోగం తగిలించుకున్నవాళ్లు. ఇల్లు చూస్తే గుర్తుపట్టొచ్చు. ఇనప బీరువా పై అరలో ఆవిడ పట్టుచీరలుంటాయి, కింది మూడు అరల్లో నిజాం రాజ్యం ఉంటుంది. రెండింటికీ కలిపి ఒకే పొట్లం నాఫ్తలిన్ గోళీలు.

నల్లగొండ సారుకు పుస్తకాల కరువు లేదు. అయిదేళ్ల తెలంగాణ సాయుధ పోరాటం మీద యాభై ఏళ్లకు పైగా రాస్తూనే ఉన్నారు. 1972లో పుచ్చలపల్లి సుందరయ్య పెద్ద గ్రంథం, ఆ మరుసటేడు రావి నారాయణరెడ్డి జ్ఞాపకాలు, 1981లో బారీ పేవియర్ అనే విదేశీ పరిశోధకుడి పుస్తకం, 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ల 'మనకు తెలియని మన చరిత్ర'. ఇవన్నీ సారు సంపాదించినవే. పాతవైపోయిన కిరాణా దుకాణం క్యాలెండర్లతో అట్టలు వేసుకుని ఉన్నాయి. లక్ష్మీదేవి బొమ్మ లోపలికి, తేదీలు బయటికి. కమ్యూనిస్టు పుస్తకానికి లక్ష్మీదేవి అట్ట ఏమిటని ఎవరో అడిగితే, "కాగితం మందమున్నది" అన్నారట.

ఆయన బాధ కరువు కాదు, తప్పులు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క ఉంటుంది. పేజీల అంచుల్లో చిన్న అక్షరాలతో తీర్పులుంటాయి: "తప్పు." "సగం నిజం." "ఈ ఊరు మూసీకి ఇవతల, అవతల కాదు." ఎక్కువసార్లు కనబడేది మాత్రం ఒకటే: "అప్పుడు నల్లగొండ." 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగిన నాటికి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉంది. తర్వాత వరంగల్ జిల్లాలోకి పోయింది. ఆ తర్వాత వచ్చిన పుస్తకాలు కొన్ని కడివెండిని వరంగల్ ఊరిగా రాసేశాయి. కనబడిన ప్రతిచోటా సారు దాన్ని వెనక్కి లాక్కొచ్చారు, పెన్సిలుతోనే. 2016 అక్టోబర్ 11న జనగామే ఒక జిల్లా అయింది. అదే రోజు నల్లగొండ మూడు ముక్కలైంది. పేపరు పట్టుకుని సారు చాలాసేపు కూర్చున్నారు. రావి నారాయణరెడ్డి పుట్టిన బొల్లేపల్లి, ఆంధ్ర మహాసభ రెండుగా చీలిన 1944 నాటి భువనగిరి, రెండూ యాదాద్రి జిల్లాలోకి పోయాయి. బౌద్ధుల ఫణిగిరి సూర్యాపేటకు పోయింది. "నాకిగ పానగల్లు మిగిలింది" అన్నారు ఆవిడతో, అన్నదమ్ముల పంపకంలో బావి గడ్డ వాటాకొచ్చినవాడిలా.

పాలమూరు సారు జబ్బు దీనికి తలకిందులు. ఆయన వేలు ఎం దగ్గర ఆగుతుంది. మహబూబ్‌నగర్ ఉండదు, ఉన్నా ఒక్క పేజీ. పాపం, పి దాకా పోయి పాలమూరు కోసం కూడా వెతుకుతారు. 1890లో మహబూబ్ అలీఖాన్ పేరు తగిలించకముందు ఊరి పేరు అదే కదా, పాతకాలపు మనిషెవరైనా అలా రాశాడేమోనని ఆశ. దొరికేవి ఒకటి రెండు. 1943లో అచ్చయిన ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ చెంచుల పుస్తకం ఒకటి, అమ్రాబాద్ అడవుల్లో తిరిగి రాసింది. 2007లో బెంజమిన్ కోహెన్ సంస్థానాల మీద రాసింది ఇంకొకటి, గద్వాల, వనపర్తి, జటప్రోలు రాజుల కథ. అంటే అడవిలో చెంచులున్నారు, కోటల్లో రాజులున్నారు. మధ్యలో తట్టా పారా పట్టుకుని, గుంపు మేస్త్రీ వెంట దేశం మీద పడి, ప్రాజెక్టుల కట్టలు పోసిన లక్షలమంది ఏరీ? ఈ ప్రశ్న పాలమూరు సారు ప్రతి సభలోనూ అడుగుతారు. వేదిక మీదివాళ్లు ప్రతిసారీ మంచి ప్రశ్న అంటారు. టీ ఇస్తారు.

ఈ ఇద్దరు సార్లు ఒక పెళ్లిలో ఎదురుపడితే చూడాలి. భోజనాల బల్ల దగ్గర, ఇంకా పప్పు వడ్డించకముందే మొదలవుతుంది.

"1952ల రావి నారాయణరెడ్డికి మా నల్లగొండ ఎన్ని ఓట్లు ఏసిందో ఎరుకేనా? మూడు లక్షల తొమ్మిదివేల నూట అరవై రెండు. నెహ్రూ కన్న ఎక్కువ!"

"ఎందుకు రావు? మీది ఇద్దరు మెంబర్ల సీటు. ఒక్కొక్కరికి రెండు ఓట్లాయె."

నల్లగొండ సారు ఈ మాట కోసమే కాచుక్కూర్చుంటారు. "నెహ్రూది గూడ ఇద్దరు మెంబర్ల సీటే, సారూ."

పాలమూరు సారు ఒక్క క్షణం తగ్గుతారు. అప్పడం విరిచి, తన బ్రహ్మాస్త్రం తీస్తారు: సురవరం ప్రతాపరెడ్డి. 1926లో గోలకొండ పత్రిక పెట్టినవాడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో సంచిక వేసి జవాబిచ్చినవాడు. 1949లో ఆయన అచ్చేసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు, ఆయన పోయాక, 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగుకు వచ్చిన మొదటిదే అది. రాజుల వరసలు పక్కనబెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆటలాడారు అని రాసిన మనిషి మా పాలమూరువాడు అంటారు. నల్లగొండ సారు ఊరుకోరు. తుమ్మలగూడెం రాగిరేకులతో విష్ణుకుండినుల చరిత్రనే మలుపు తిప్పిన బి.ఎన్. శాస్త్రిని, ఆయన 'మూసీ' పత్రికను దింపుతారు. 1922లో నల్లగొండ నుంచి వచ్చిన 'నీలగిరి పత్రిక'నూ తోడు తెస్తారు. ఈలోగా పప్పు, పులుసు, పెరుగు వచ్చి వెళ్లిపోతాయి. పెళ్లికొడుకు పేరేమిటో ఇద్దరికీ తెలియదు.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఒకటి. ఈ ప్రాంతం మీద వచ్చిన పుస్తకాలు ఈ ప్రాంతంలో దొరకవు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఆ మరుసటేడు వచ్చాయి. అంతకుముందు పరిశోధన చేయాలంటే హైదరాబాదే దిక్కు. విదేశీ ప్రచురణ గట్టి అట్ట పుస్తకం ధర చూస్తే సారు నెల పింఛనులో మంచి ముక్క లేచిపోతుంది. "పిరం," అంటారు ఆయన. ఆ ఒక్క మాటలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండూ పడతాయి. కాబట్టి దారి ఒకటే: జిరాక్సు.

సారు అలమారాలో సగం పుస్తకాలకు వీపు లేదు, ప్లాస్టిక్ స్ప్రింగులున్నాయి. బస్టాండు దగ్గరి జిరాక్సు కొట్టతనికి ఇంగ్లిష్ రాదు గానీ, ఏ పుస్తకానికి ఎన్ని ఫుట్‌నోట్లున్నాయో చెప్పగలడు. అవి చిన్న అక్షరాలు, కాస్త మసక పడితే సారు మళ్లీ తీయిస్తారు. 2012లో మూడు పెద్ద ప్రచురణ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని రామేశ్వరి జిరాక్సు దుకాణం మీద కేసు వేశాయి. 2016 సెప్టెంబర్ 16న ఢిల్లీ హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. చదువు చెప్పడం కోసం తీసే నకళ్లకు అది వర్తించే తీర్పు. సారు ఆ షరతును మర్యాదగా పక్కనబెట్టారు. పేపర్లో వచ్చిన ఆ వార్తను కత్తిరించి, దానికే జిరాక్సు తీయించి, బస్టాండు కొట్టులో గోడకు అతికించారు. కొట్టతను దాన్ని తన లైసెన్సు అనుకుంటున్నాడు.

చదివిన పుస్తకాలు భాషలోకి దిగకుండా ఉండవు. రణజిత్ గుహా సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటం 1982లో వస్తే, అది సారు ఇంటికి చేరడానికి ఇంకో పదేళ్లు పట్టింది. అప్పటినుంచి వీధిలో ఏదీ మామూలుగా జరగడం లేదు. నల్లా నీళ్లు రాకపోతే అది రాజ్యం చేసే హింస. పాలబ్బాయి ధర పెంచితే సబాల్టర్న్ ప్రతిఘటన, కాబట్టి సారు గట్టిగా అడగలేరు. ఆవిడ అడుగుతారు.

"ఏమండీ, గ్యాసాయన వచ్చిండు. పైసలియ్యండి."

"చిల్లర లేదు. హెజిమొనీ మీద నోట్సు రాస్తున్న."

"రాసినంక దాని మీదనే వండుకుందురుగని."

పేర్లతో కూడా సారుకు పేచీ. 2001లో సింథియా టాల్బట్ కాకతీయుల కాలపు శాసనాలను ఒక్కొక్కటిగా లెక్కగట్టి రాసిన పుస్తకమంటే ఆయనకు ప్రాణం. కానీ దాని ఉపశీర్షికలో మధ్యయుగ 'ఆంధ్ర' అని ఉంది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆ పుస్తకం అట్ట కనబడకుండా బల్ల మీద బోర్లా పెట్టేవారు. సురవరం పుస్తకం పేరు 'ఆంధ్రుల' కదా, జోగిపేటలో ఆయన అధ్యక్షత వహించింది 'ఆంధ్ర' మహాసభకు కదా అని శిష్యుడొకడు గిల్లితే, "అప్పటి ఆంధ్ర వేరు" అన్నారు. నిజమే, వేరే. అది ఎలా వేరో చెప్పడానికి గంటన్నర తీసుకున్నారు. శిష్యుడు మళ్లీ గిల్లలేదు.

పుస్తకాలు చదవడంతో సరిపెట్టుకుని ఉంటే బాగుండేది. ఇరవై అయిదేళ్ల కింద సారు ఒక టేప్ రికార్డర్ కొని, సొంత ఊళ్లో ముసలమ్మల దగ్గరికి బయల్దేరారు. స్త్రీశక్తి సంఘటన పుస్తకంలో చిట్యాల ఐలమ్మ మాట్లాడినట్టు మా ఊరి అవ్వ కూడా మాట్లాడుతుందని ఆశ. ఆ క్యాసెట్టు ఇప్పటికీ ఉంది.

"అవ్వా, మనూరికి దళం ఎప్పుడొచ్చింది?"

"పొద్దూకినంక."

"గట్ల కాదవ్వా, ఏ సంవత్సరం?"

"మా పెద్దోడు కడుపుల ఉన్నడు."

"పెద్దోడు ఎప్పుడు పుట్టిండు?"

"దళం వచ్చి పోయినంక."

తర్వాత కాసేపు కోడి అరుపు వినబడుతుంది. ఆ తర్వాత అవ్వ ఎవరూ అడగకుండానే, సంగటి ముద్దలు ఎన్ని చేసిందీ, వాటిని ఏ గంప అడుగున పెట్టి ఎవరి చేనుకు మోసుకుపోయిందీ, దారిలో ఎదురైన పోలీసుకు ఏం చెప్పిందీ వరసగా చెబుతుంది. ఆ ముప్పై నిమిషాలూ సారు గొంతు వినబడదు. చివర్లో ఒకే ఒక్కసారి, చాలా మెల్లగా: "సంవత్సరం మాత్రం యాదికి లేదు గదా?"

బయటి నుంచి పరిశోధకులు వస్తే సారుకు పండగ. తన బండి మీదే ఎక్కించుకుని పానగల్లు తీసుకెళతారు. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక పగలంతా కదలకుండా నిలిచే నీడ చూపిస్తారు. శాసనం మీద పెరిగిన గడ్డి తన చేత్తోనే పీకుతారు. మధ్యాహ్నం ఇంట్లో భోజనం, అవతలివాళ్లు వద్దన్నా కోడికూర. మూడేళ్లకో నాలుగేళ్లకో పుస్తకం వస్తుంది. అప్పుడు మాత్రం సారు ఇండెక్స్ తీయరు, మొదటి పేజీలు తీస్తారు. కృతజ్ఞతల్లో, ముప్పై పేర్ల మధ్య, ఆయన పేరు. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. సారు పెన్సిలు తీసి దిద్దుతారు. ఊళ్లో ఎవరికైనా చూపించేటప్పుడు ఆ దిద్దుబాటు మీద బొటనవేలు పెట్టి చూపిస్తారు.

ఈమధ్య ఆయన ఇంటికొచ్చేది గ్రూప్-2 పిల్లలు. నాలుగో పేపరు పూర్తిగా తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర అవతరణే. 1948 నుంచి 2014 దాకా, నూటయాభై మార్కులు. సారు ఉత్సాహంగా 1930 నుంచి మొదలుపెట్టి, దేవరకొండ మహాసభకు బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షత వహించిన 1931 దాటి, భువనగిరి చీలికకు వచ్చేసరికి గంట గడుస్తుంది. వెనక కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తుతుంది. "సార్, ఇది బిట్టు వస్తదా?" సారు ఒక నిమిషం ఆలోచించి, "రాదు, కానీ రావాలె" అంటారు. ఆ అమ్మాయి రాసుకోదు. వెళ్లేటప్పుడు మాత్రం పుస్తకం అడుగుతుంది, సారు ఇస్తారు. ఎవరడిగినా ఇస్తారు. నూటతొంభై రెండు పేజీల లాంగ్ నోటుబుక్కులో పేరు, తేదీ, పుస్తకం, తిరిగొచ్చిన తేదీ అని నాలుగు గడులు గీసి ఉంటాయి. నాలుగో గడి చాలావరకు తెల్లగానే ఉంటుంది.

ఆ తెల్ల గడుల్లో ఒకటి 'మనకు తెలియని మన చరిత్ర', 1986 నాటి మొదటి ముద్రణ. క్యాలెండర్ కాగితం అట్ట, అంచుల్లో పెన్సిలు రాతలు, మధ్యలో గుర్తుకు పెట్టిన ఆర్టీసీ టికెట్టు. తీసుకెళ్లినవాళ్ల కంట ఇది పడితే దయచేసి తెచ్చివ్వండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా సారు పడుకుంటారు. ఆ వేళలో ఆవిడకిచ్చినా నోటుబుక్కులో రాసుకుంటారు.